మందుచీటి చదువగల చదువు

"ఆరోగ్యమే మహాభాగ్యము" అను మాటను మన పిల్లలు చిన్న తరగతుల నుండియు వల్లించుచునే యున్నారు. అయితే ఆ భాగ్యము తప్పిన నాడు దానిని మరల పొందుటకు ఇంటిలో మిగిలిన భాగ్యమంతయు అమ్ముకొనవలసి వచ్చుచున్నది. పాడి ఆవో, మామిడితోట కాపో, ఆడపిల్ల కొఱకు దాచిన బంగారమో వైద్యపు ఖర్చునకు పోని యిల్లు మన పల్లెలలో అరుదు. ఈ ఖర్చును తగ్గించు ఉపాయములు కొన్ని ప్రభుత్వము చేతిలో నున్నవి. కొన్ని మన చేతిలోనే యున్నవి. చదువుకొన్న బిడ్డ యున్న ప్రతి యింటిలోను రెండవ విధమైన ఉపాయము సిద్ధముగా నున్నదనియు, మనము దానిని వాడుకొనుట లేదనియు చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గత సంవత్సరము మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక నాలుగు దినములు బడికి రాలేదు. ఐదవ దినమున వచ్చి, తన అవ్వ తల తిరిగి పడిపోయినదనియు, పట్టణములో తలకు స్కాను తీయించి ఏమియు లేదని చెప్పిరనియు, ఆ ఖర్చునకు తండ్రి అప్పు చేసెననియు చెప్పినది. అవ్వ వాడు మందులను తెమ్మంటిని. ఆమె రెండు అట్టలు తెచ్చినది. ఒకటి ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములో ఉచితముగా నిచ్చినది. రెండవది పట్టణములో మఱియొక డాక్టరు వ్రాయగా కొన్నది. రంగులు వేఱు, పెద్ద అక్షరముల పేర్లు వేఱు. కాని రెంటిపైనను "ఆమ్లోడిపిన్" అను మాట యున్నది. రక్తపోటునకు ఇచ్చు ఒకే మందును ఆ ముసలామె రెండు పేర్లతో రెండింతలు మ్రింగుచు వచ్చినది. ఆరోగ్యకేంద్రపు డాక్టరు గారికి రెండట్టలను చూపగా, వారు ఒకదానిని మాన్పించిరి. తల తిరుగుట తగ్గినది. తండ్రి చేసిన అప్పు మాత్రము ఇంకను తీరలేదు.

ఆ బాలిక తరగతిలో ఇంగ్లీషు పాఠమును తప్పులేక చదువగలదు. అయినను ఇంటిలోని మందు అట్టను చదువవలెనని ఆమెకు ఎవరును చెప్పలేదు. నేనును చెప్పలేదు. ఆ దినమున నాకు కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు కారణము.

ప్రతి మందునకును రెండు పేర్లుండును. ఒకటి మందు యొక్క అసలు పేరు. దీనినే జనరిక్ పేరు అందురు. రెండవది తయారు చేసిన కంపెనీ పెట్టుకొన్న వ్యాపారపు పేరు. జ్వరమునకు వాడు మాత్ర అసలు పేరు పారాసిటమాల్. క్రోసిన్, డోలో, కాల్పాల్ అనునవి వ్యాపారపు పేర్లు. ఒకే బియ్యము వేర్వేరు సంచులలో వేర్వేరు ధరలకు అమ్ముడు పోవునట్లే, ఒకే మందు వేర్వేరు పేర్లతో వేర్వేరు ధరలకు అమ్ముడు పోవుచున్నది. బియ్యమైనచో చేతిలో పోసికొని చూచి బేరమాడుదుము. మందు దగ్గర మాత్రము నోరు మెదపము. రోగభయము ఒకవైపు, తెలియనితనము ఒకవైపు మన నోరు కట్టివేయుచున్నవి.

ఒకే మందును పలువురు తయారు చేయుట మన దేశమునకు ఊరకే లభించిన వరము కాదు. 1970లో చేసిన పేటెంటు చట్టము మందునకు గాక, మందును తయారు చేయు పద్ధతికి మాత్రమే పేటెంటు నిచ్చెను. అందువలన వేఱొక పద్ధతిలో అదే మందును చౌకగా తయారు చేయుటకు మన శాస్త్రజ్ఞులకు దారి ఏర్పడెను. హైదరాబాదు ఔషధ పరిశ్రమకు కేంద్రమైనది ఆ కాలముననే. 2001లో ఎయిడ్సు రోగికి సంవత్సరమునకు పదివేల డాలర్లకు పైగా నగుచున్న మందులను 350 డాలర్లకు ఇచ్చెదమని సిప్లా అను మన దేశపు కంపెనీ ముందుకు వచ్చినపుడు లోకమంతయు ఆశ్చర్యపడెను. 2005లో చట్టము మారి మందులకును పేటెంట్లు వచ్చినవి. అయినను గడువు తీరిన పాత మందులను ఎవరైనను తయారు చేయవచ్చును. మన యిండ్లలో రక్తపోటునకు, మధుమేహమునకు వాడు మాత్రలలో పెక్కు అట్టివే. కావున వాని ధర ఎక్కువగా నుండుటకు తగిన కారణము లేదు.

ప్రభుత్వము పూనుకొనిన ఎంత మేలు కలుగునో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. గుండె రక్తనాళములో అమర్చు మందుపూత గల స్టెంటు ధర సగటున 1,21,000 రూపాయల వరకు నుండెడిది. 2017 ఫిబ్రవరిలో ధరల నియంత్రణ సంస్థ దానిని 29,600 రూపాయలకు దించెను. వస్తువు మారలేదు, అడుగువారు లేక పెరిగిన ధర అడుగువారు రాగానే దిగినది. దేశములో వైద్యమునకగు ప్రతి నూరు రూపాయలలో ప్రజలు స్వయముగా చేతినుండి పెట్టుకొనునది 2013–14లో 64 రూపాయలు కాగా, 2021–22 నాటికి 39 రూపాయలకు తగ్గినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. ఇది మెచ్చదగినదే. కాని కూలి చేసికొని బ్రతుకువానికి ఆ 39 రూపాయలును బరువే.

మనమున్న తమిళనాడు ఈ విషయమున దేశమునకు దారి చూపిన రాష్ట్రము. ఇచ్చటి వైద్యసేవల కార్పొరేషను 1995 నుండి అసలు పేర్లతోనే మందులను టెండర్ల ద్వారా పెద్దమొత్తములో కొని, పరీక్ష చేయించి, జిల్లా గిడ్డంగుల నుండి ప్రభుత్వ ఆసుపత్రులకు పంపుచున్నది. ఆరోగ్యకేంద్రములో మనకు ఉచితముగా లభించు మాత్ర అట్లు వచ్చినదే. రక్తపోటు, మధుమేహము గలవారి యింటికే మందు చేర్చు "మక్కళై తేడి మరుత్తువం" పథకము 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే ఆరంభమైనది. 2008లో మొదలైన జన ఔషధి అంగళ్లు 2023 నాటికి దేశమున పదివేలకు చేరినవి. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వము "ముదల్వర్ మరుందగం" అను పేర వేయి అంగళ్లను తెరచినది. ఇవన్నియు నుండగా, పట్టణములో మొదట కనబడిన అంగడిలో, చెప్పిన ధరకు, అడుగక కొనువారు మనలో ఎందరో కలరు.

"చౌక మందు పనిచేయునా?" అని పెద్దలు సందేహించుట నేనెఱుగుదును. ఈ సందేహమును తీసివేయరాదు. నాసిరకపు మందులు పట్టుబడుచున్న మాట నిజమే. ప్రభుత్వము ఇంకను ఎక్కువగా పరీక్షలు జరిపింపవలసినదే. కాని నాసిరకము చౌకదనమును బట్టి రాదు, తయారీలోని లోపమును బట్టి వచ్చును. అసలు పేరుతో అమ్మునదైనను, వ్యాపారపు పేరుతో అమ్మునదైనను చట్టము విధించు ప్రమాణము ఒక్కటియే. మనము ఎక్కువగా చెల్లించునది పెక్కుసార్లు పేరునకును, ప్రచారమునకును మాత్రమే.

ఖర్చు పెంచుటలో మన తప్పును కలదు. సూది వేయని డాక్టరు డాక్టరే కాడనుకొందుము. నీరసమనగానే గ్లూకోజు ఎక్కించుమని మనమే బలవంతము చేయుదుము. విరేచనములైన బిడ్డకు ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణము ఎంత పనిచేయునో 1971లోనే ఋజువైనది. బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో కలరా ప్రబలినపుడు, సెలైను చాలక, డాక్టరు దిలీప్ మహలనబీస్ గారు ఆ ద్రావణమునే త్రాగించి, నూటికి ముప్పదివరకు నున్న మరణములను నాలుగు కంటె తక్కువకు దించిరి. ఆ పొట్లము నేడు ఆరోగ్యకేంద్రములో ఉచితము. తీవ్రమైన స్థితిలో సెలైను అవసరమే. ఆ అవసరమును నిర్ణయింపవలసినది డాక్టరు గాని మన తొందర కాదు.

ఇక భాష మాట. ఇంటిలో తెలుగు, ఆసుపత్రి బోర్డుపై తమిళము, మందుచీటిపై ఇంగ్లీషు: ఈ మూటి నడుమ మన ముసలివారు నలిగిపోవుచున్నారు. నేను ఉపాధ్యాయ శిక్షణ కొఱకు ఆంధ్రదేశమున నున్నపుడు, అచ్చట బోర్డులన్నియు తెలుగులో నున్నను, చీటి మాత్రము ఇంగ్లీషులోనే యుండెడిది. అచ్చటి రైతునకును మందు పేరు తెలియకుండెడిది. కావున ఇది మన యొక్కరి కష్టమే కాదు. మనకు రెండింతలు మాత్రము అగుచున్నది. జనసంఖ్యలో నూటికి 15 మందికి తక్కువ కాకుండ అల్పసంఖ్యాకుల భాష మాటలాడు ప్రాంతములలో ముఖ్యమైన ప్రకటనలను ఆ భాషలో గూడ ప్రకటింపవలెనని దేశము అంగీకరించిన రక్షణలలో నున్నది. ప్రాణమునకు సంబంధించిన ప్రకటన కంటె ముఖ్యమైనది వేఱేమున్నది? ఏ మందులు ఉచితమో, ఏ వేళలలో ఇత్తురో తెలుపు పలకను తెలుగులో గూడ పెట్టుడని తల్లిదండ్రులు వినయముతో, పట్టుదలతో అర్జీ పెట్టవలెను.

మఱియొక పొరపాటును చెప్పవలెను. ఆంధ్రలోని బంధువులు చెప్పిరని, 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో ఆరంభమైన పథకమును నమ్ముకొని సరిహద్దు దాటి పోయినవారు కలరు. అది ఆ రాష్ట్ర నివాసులకు ఉద్దేశించినది. మన మాట తెలుగైనను మన రేషను కార్డు తమిళనాడుది. అర్హత గల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు చికిత్స నిచ్చు ముఖ్యమంత్రి బీమా కార్డు ఇచ్చటనే యున్నది. జబ్బు వచ్చిన తరువాత దాని కొఱకు పరుగెత్తుట కాదు, ముందే తీసికొని యుంచుట తెలివి.

విద్యార్థులారా! మీరు చేయవలసినది కష్టమైనది కాదు. ఇంటిలోని మందు అట్టలనన్నిటిని ఒకచోట చేర్చుడు. ఒక నోటుపుస్తకములో ఎవరికి, ఏ జబ్బునకు, ఏ అసలు పేరు గల మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట అను వివరములను తెలుగులో వ్రాయుడు. ఒకే పేరు రెండుచోట్ల కనబడినచో మీరుగా ఏదియు మాన్పింపకుడు. పుస్తకమును, అట్టలను డాక్టరు గారికి చూపుడు. ఆసుపత్రికి పోవునపుడు ఆ పుస్తకమును వెంట తీసికొని పొండు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "అయ్యా, మందు అసలు పేరు వ్రాయుడు" అని డాక్టరు గారిని అడుగుటకు సంకోచింపకుడు. అసలు పేర్లను స్పష్టముగా వ్రాయవలెనని వైద్యమండలి 2016లో సవరించిన నియమమే చెప్పుచున్నది. చీటిలో వ్యాపారపు పేరున్నచో దానిని మార్చి యిచ్చుటకు అంగడివారికి అధికారము లేదు. కనుక అడుగవలసినది డాక్టరు గారి యెదుటనే. కొన్న ప్రతి మందునకును రసీదు తీసికొనుడు.

"అడగనిదే అమ్మయైనా పెట్టదు" అని మన సామెత. అడుగుటకు ధైర్యము కావలెను. ధైర్యమునకు తెలివి కావలెను. తెలివికి చదువు కావలెను. తెలుగు బడిలో చదివిన బిడ్డ ఏమి చేయగలడని కొందరు అడుగుచుందురు. అవ్వ మ్రింగు మాత్ర పేరును చదివి, ఆమె భాషలో ఆమెకు చెప్పగలడు. ఆ పని చేయుటకు ఆ యింటిలో వాడు తప్ప వేఱొకడు లేడు.