మూడో నెల దాకా ఆగకండి

తణుకు నుంచి ఒక సోదరి రాస్తున్నారు: "మా కోడలికి రెండో నెల. పోయినేడు మొదటి కడుపు నిలవలేదు. యీసారి డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, థైరాయిడ్ కొంచెం తక్కువగా వుందని రోజూ ఒక మాత్ర వేసుకోమన్నారు. పిల్ల చూడబోతే చక్కగా తిరుగుతోంది. నేను ముగ్గుర్ని కన్నాను, ఏ పరీక్షా ఎరగను. వొట్టి మనిషి కానప్పుడు మందులు మింగితే బిడ్డకి చేటు కాదా? మూడో నెల వెళ్ళాక చూద్దాంలే అని మాత్రలు బీరువాలో పెట్టాను. తప్పు చేశానా?"

అమ్మా, మీరు చేసింది ప్రేమకొద్దీ చేసిందే. అయినా ఆ మాత్రలు యివాళే తీసి కోడలి చేతికివ్వండి. ఎన్నాళ్ళు మానేసిందో డాక్టరమ్మకి చెప్పండి. మీరు ఆగుదామన్న ఆ మూడు నెలలే యీ మందుకి అసలు సమయం.

థైరాయిడ్ అంటే గొంతు ముందర సీతాకోకచిలుక ఆకారంలో వుండే చిన్న గ్రంథి. ఆహారంలోని అయోడిన్‌తో అది తయారుచేసే రసం వొంట్లో ప్రతి అవయవానికీ కావాలి. కడుపులో బిడ్డకి యీ గ్రంథి పన్నెండో వారం ప్రాంతంలో పని మొదలెట్టినా, తనకి చాలినంత రసం తయారుచేసుకునేసరికి అయిదో నెల వస్తుంది. అంతదాకా, ముఖ్యంగా మెదడుకి పునాది పడే తొలి వారాల్లో, తల్లి యిచ్చిందే బిడ్డకి ఆధారం.

యిద్దరికీ సరిపెట్టలేక కొందరు తల్లుల్లో గ్రంథి వెనకబడుతుంది. అప్పుడు మెదడు అడుగున వుండే పిట్యూటరీ గ్రంథి దాన్ని తొందరపెడుతూ టి.ఎస్.హెచ్. అనే రసాన్ని ఎక్కువగా పంపుతుంది. థైరాయిడ్ రసం సరిపడా వుండి, టి.ఎస్.హెచ్. మాత్రం పెరిగితే అది స్వల్పలోపం. నీరసం, నిద్రమత్తు, మలబద్ధకం వేవిళ్ళలోనూ వుంటాయి గనక పైకి చూసి పోల్చుకోలేం. పరీక్షే చెప్పాలి.

స్వల్పలోపం వున్నవారిలో గర్భస్రావాలు, నెలలు నిండని కాన్పులు కొంచెం ఎక్కువగా కనిపిస్తున్నాయి. అలాగని బెంబేలెత్తకండి. చాలామంది పండంటి బిడ్డల్నే కంటున్నారు. లోపం బాగా వుండీ మందు పడని తల్లుల పిల్లలు తెలివి పరీక్షల్లో కొంత వెనకబడ్డారని 1999లో అమెరికాలో తేలింది. స్వల్పలోపానికి మందిచ్చి చూసిన 2012, 2017 పరిశోధనల్లో పిల్లల తెలివిలో తేడా కనపడలేదు. అయితే వాటిలో మందు మొదలైందే మూడో నెల దాటాక. టి.ఎస్.హెచ్. పది దాటితే డాక్టర్లు తప్పక మందిస్తారు. అంతకన్నా తక్కువైతే, లోగడ గర్భం పోయిందా, రక్తంలో థైరాయిడ్‌ని దెబ్బతీసే యాంటీబాడీలు వున్నాయా అని చూసి నిర్ణయిస్తారు.

యిక చేటు మాట. యీ మాత్ర పరాయి వస్తువు కాదు. మన గ్రంథి తయారుచేసే థైరాక్సిన్నే 1927లో రసాయనశాలలో తయారుచేయగలిగారు. డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకుంటే బిడ్డకి హాని లేదు. పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ ఓ గంట ఆగి తాగాలి. ఐరన్, కాల్షియం బిళ్ళలకీ దీనికీ నాలుగు గంటల ఎడం వుండాలి. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తం పరీక్ష చేయించాలి. కాన్పయిన ఆరు వారాలకి మళ్ళీ చూస్తారు. కొందరికి అప్పుడు మందు అక్కర్లేకపోవచ్చు.

ఆవకాయకి తెచ్చిన కల్లుప్పే కూరల్లోకీ వాడుతుంటే, సంచీ మీద అయోడిన్ కలిపినట్టు వుందో లేదో చూసుకోండి.

పోయినేటి సంగతికి కోడల్ని ఒక్క మాటా అనకండి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో చాలావాటికి పిండంలోని లోపమే కారణం. తల్లి చేసిన తప్పు కాదు.

మన యిళ్ళల్లో మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటికి పొక్కనివ్వం. వూరికి చెప్పకపోతే మానె, డాక్టరుకి మాత్రం నెల తప్పగానే చెప్పాలి. రేపు పొద్దున్నించి ఆ మాత్రా, మంచినీళ్ళ గ్లాసూ మీ చేత్తోనే కోడలికి అందించండి.