గాయపడిన గొంతుకు కొత్త వైద్యం



స్వరతంత్రులపై మచ్చ కట్టి పోయిన కంఠం మళ్లీ బాగుపడుతుందన్న ఆశను నేటి పరిశోధనలు కలిగిస్తున్నవి. సంతోషమే. అయితే ఈ ఆశను అప్పుడే సరుకుగా అమ్మేవారు కూడా బయలుదేరినందున ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

మాట్లాడునప్పుడు స్వరతంత్రులు పురుషులలో సెకనుకు సుమారు 100 సార్లు, స్త్రీలలో 200 సార్లు కంపిస్తాయి. పైచర్మం క్రింద ఉన్న మెత్తని పొర వలననే ఇది సాధ్యము. గాయమై ఆ పొర మచ్చ కట్టి బిగుసుకుంటే గొంతు బొంగురుపోవును. మచ్చను కోసివేస్తే మరొక మచ్చ కట్టవచ్చును. కాబట్టి ఆ మెత్తని పొరనే తిరిగి పెంచే మార్గమును వైద్యులు వెదకుచున్నారు.

జపానులోని క్యోటోలో కణజాలమును పెంపొందించే ఒక ప్రోటీనును 18 మంది రోగుల స్వరతంత్రులలోనికి సూదిద్వారా ఎక్కించి, తొలిదశ ఫలితములను 2018లో ప్రకటించిరి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు మానవ కణములతో ఆ పొరను పెంచి, శరీరమునుండి వేరుచేసిన కుక్క స్వరపేటికలో అమర్చి గాలి ఊదగా ధ్వని వచ్చినట్లు 2015లో ప్రకటించిరి. ఇవి గొప్ప అడుగులే గాని, నలుగురికీ అందే వైద్యము కాదు.

మా బరంపురంలో పాతికేళ్లు తెలుగు పాఠాలు చెప్పి గొంతు పోగొట్టుకున్న ఒక ఉపాధ్యాయినికి, మూలకణాల సూదితో నయము చేసెదమని ఎవరో లక్షలు అడిగిరి. పింఛను డబ్బు తీయబోగా ఇంటివారు ఆపిరి. రక్తసంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మార్పిడి తప్ప, మూలకణ చికిత్సను అనుమతి పొందిన పరీక్షలలోనే చేయవలెనని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నియమావళిలో స్పష్టముగా ఉన్నది. అట్టి పరీక్షకు రోగి రుసుము చెల్లించనక్కరలేదు.

బొంగురు నాలుగు వారాలు దాటితే గొంతు వైద్యునిచే స్వరపేటికను చూపించుకొనవలెను. కంఠసాధన చికిత్సతోనే చాలామందికి మేలు కలుగును.

ఒకే గదిలో రెండు మూడు తరగతులకు అరచి చెప్పే ఉపాధ్యాయులు మన తెలుగు బడులలో ఇంకా ఉన్నారు. ఉగాది సభలకు లౌడుస్పీకర్లు పెట్టించే మన సంఘములు, ప్రతి బడికి మెడలో వేసుకునే చిన్న మైకు ఒకటి కొనిపెట్టరాదా? పరరాష్ట్రములో మన పిల్లలకు తెలుగు అందేది ఆ గొంతుల ద్వారానే గదా!

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బరంపురం