హంసకు నీరేదీ?

విజయదశమి నాటి సాయంకాలం బెజవాడ దుర్గాఘాట్‌లో నిలబడిన భక్తుని భాగ్యమే భాగ్యం. దీపకాంతుల నడుమ హంసవాహనాన్ని అధిరోహించి దుర్గామల్లేశ్వరులు కృష్ణవేణిలో విహరిస్తారు. ముక్కోటి ఏకాదశి ముందునాడు భద్రాద్రి రాముడు సీతాసమేతుడై గౌతమీజలాలపై హంసవాహనమే ఎక్కుతాడు. 2020 దసరాలో కృష్ణకు వరద పోటెత్తడంతో నదీవిహారం జరగలేదు, వాహనం ఒడ్డునే నిలిచింది. దేవుని హంస అయినా నీరు అనుకూలిస్తేనే కదులుతుంది.

"అయ్యగారూ, నిజం హంస ఎక్కడుంటుంది?" అని ఒకనాడు గుడిలో ఒక బాలుడు నన్నడిగాడు. మా గంపలగూడెం మండలంలో నెమలి పేరుతో ఊరే ఉంది. అక్కడ వేణుగోపాలుడు కొలువై ఉన్నాడు. హంస మాత్రం మా చెరువులలో లేదు. తెల్లని రాజహంసలు శీతల దేశాల పక్షులు. మన దేశంలో వాయవ్య ప్రాంతానికి, అదీ అరుదుగా, చలికాలంలో వస్తాయి. తలపై రెండు నల్లని చారలు గలిగి, హిమాలయాలను దాటి దక్షిణాదికి వచ్చే బాతుజాతి పక్షియే మన కావ్యాల హంస అని తలచే పండితులూ ఉన్నారు.

హంస పాలను, నీటిని వేరు చేయడమన్నది వివేకానికి ఉపమానం. నిజానికి హంస పొడవైన మెడను నీట ముంచి అడుగున ఉన్న మొక్కలను మేస్తుంది. తామరతూడు తెంపితే పాలవంటి రసం స్రవిస్తుంది. ఆ రసాన్ని గ్రహించడమే క్షీరగ్రహణమని కొందరు పెద్దలు సమన్వయం చేశారు. హంస తోక మొదట నూనె స్రవించే గ్రంథి ఉంటుంది. ఆ నూనెను ముక్కుతో ఈకలకు నిత్యం పూసుకుంటుంది. అందుకే రోజంతా నీటిలో ఉన్నా తడి అంటదు. సంసారంలో ఉంటూ దానిని అంటించుకోనివానిని పరమహంస అనడంలో ఎంత ఔచిత్యం! అయితే ఆ పూత ఒకనాటితో అయిపోయేది కాదు. నిత్యానుష్ఠానమూ అటువంటిదే.

మన ఉచ్ఛ్వాస నిశ్వాసలే హంస మంత్రమని, దినానికి 21,600 సార్లు అది జరుగుతుందని యోగశాస్త్రం చెబుతోంది. భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీహరి హంసరూపుడై సనకాదులకు తత్త్వం బోధించాడు. ఇంతటి హంసను పూజించే మనం దాని ఇల్లయిన నీటిని ఏం చేస్తున్నాం?

నా తప్పు ముందు చెప్పుకుంటాను. నేను చాలా సంవత్సరాలు స్వామి నిర్మాల్యాన్ని చెరువులో కలిపాను. అదే ఆచారమని నమ్మాను. ఆనాడు అవి పూలు, తులసి, పత్రి మాత్రమే. రానురాను వాటితో పాటు ప్లాస్టిక్ దారాలు, జరీ కాగితాలు, కవర్లు చేరాయి. నేను గమనించలేదు. ఆ బాలుడే చూపించాడు, గట్టున తేలుతున్న ఒక కవరును. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీటిలో మలమూత్ర విసర్జన కూడదని, ఉమ్మరాదని తైత్తిరీయ ఆరణ్యకంలోని అరుణప్రశ్న శాసిస్తోంది. ఆ మంత్రాలను ఇన్నేళ్ళూ చదివింది ఈ నోరే కదా!

ఇప్పుడు ఆలయం వెనుక గొయ్యి తీసి నిర్మాల్యాన్ని మట్టిలో కలుపుతున్నాము. అది ఎరువై పూలమొక్కలకు చేరి, మళ్ళీ స్వామి పాదాలకే వస్తోంది. దారాలు, కవర్లు ముందే వేరు చేస్తున్నాము. నీరక్షీర వివేకం అంటే నాకు ఈ వయస్సులో ఇలా బోధపడింది.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ అంతర్జాతీయ జాబితాలో చేరింది. చట్టాలు చేయవలసింది చేస్తాయి. ఊరి చెరువును, మా కట్లేరు వంటి వాగులను కాపాడవలసినవి భక్తుల చేతులే. నీట పూలు వదలడం పుణ్యమే. దానికి కట్టిన ప్లాస్టిక్ దారాన్ని విడిచిపెట్టడం ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఇకపై హంసవాహనానికి చేతులు జోడించే ప్రతివారూ ఆ చేతులతోనే గట్టున ఒక్క కవరు తీసి పక్కన వేయగలిగితే, అదే అమ్మవారికి అసలైన తెప్పోత్సవం. జలం దైవం. దైవానికి అపచారం చేసి ఆయన వాహనాన్ని పూజించడం తగదు.

ఆపః శుద్ధమగుగాక! సర్వే జనాః సుఖినో భవంతు!