కార్బన్ ఫ్రేమూ, మన కారీగర్ చేతులూ

మన ఇళ్లల్లో పిల్లాడు చదవకపోతే పడే ధమ్కీ ఒకటుంది: "ఇలాగే ఉంటే పంచర్లేసుకుని బతుకుతావ్ రా." బయటివాళ్ల నోట్లో ఇదే మాట మన కౌమ్ మీద తానా అవుతుంది. 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్ సభలో ప్రధాని నరేంద్ర మోదీ, వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులకి సైకిల్ పంచర్లు వేసుకునే గతి పట్టేది కాదన్నారు. దాని మీద చాలా బహస్ నడిచింది. నా షికాయత్ వేరే. ఆ మాటన్నవాళ్లూ, విని గుస్సా అయిన మనమూ ఒక్క దగ్గర కలిశాం. పంచర్ దుకాణం అంటే జిల్లత్ అని ఇద్దరం ఒప్పేసుకున్నాం. నేనంటాను, అది హునర్. ఆ హునర్‌ని సగం దారిలో వదిలేశాం, అదీ అసలు నుక్సాన్.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మా భాంజా వల్ల. అచ్యుతాపురంలో కంపెనీ నౌకరీ చేస్తాడు, ఉండేది అనకాపల్లిలోనే. వాడు సైకిల్ కొనలేదు, ఒక ఖాళీ కార్బన్ ఫ్రేమూ ఫోర్కూ కొన్నాడు. తర్వాత రిమ్ములు, స్పోకులు, గేర్లు, బ్రేకులు, హ్యాండిల్ ఒక్కొక్కటే పార్శిల్‌లో వచ్చాయి. మా ఆపా పరేషాన్: "ఆ పైసలకి మోటార్‌సైకిలే వచ్చేది కదరా, ఇంజనే లేనిదానికి ఇంత ఖర్చా?"

వాడు కట్టుకుంటున్నది గ్రావెల్ బైక్. గ్రావెల్ అంటే ఏంటో మన జిల్లావాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. చెరకు బళ్లు తిరిగే దారి మీద పంచాయతీ పరిపించే ఎర్రమట్టీ కంకరా అదే. పందెం సైకిల్‌కి ఉండే వంపు హ్యాండిలే దీనికీ ఉంటుంది, కానీ టైర్లు 40 మిల్లీమీటర్లో ఇంకా ఎక్కువో వెడల్పు, బ్రేకులు డిస్కువి. తారు మీద వేగంగా పోతుంది, మట్టి దారిలో జారకుండా నిలబడుతుంది. అమెరికాలో కాన్సాస్ మట్టిరోడ్ల మీద ఇలాంటి పెద్ద పందెం ఒకటి 2006లో మొదలైంది. షిమానో కంపెనీ గ్రావెల్ కోసమని జీఆర్‌ఎక్స్ పార్టులు తెచ్చింది 2019లో. మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2022లో ఇటలీలో జరిగింది. మనకైతే శారద ఏటి గట్టూ, చోడవరం వైపు చెరకు తోటల మధ్య బాటలూ ఎప్పట్నించో ఉన్నాయి.

ఫ్రేమ్ వేరే, పార్టులు వేరే కొని బిగించుకోవడం కూడా మనకి కొత్త కాదు. అబ్బా వాళ్ల జమానాలో సైకిల్ దుకాణానికి విడి భాగాలుగానే వచ్చేది. మద్రాసు హెర్క్యులెస్ అయినా, సోనీపత్ అట్లాస్ అయినా, దాన్ని నడిచే సైకిల్‌గా చేసింది దుకాణంలో మిస్త్రీయే. సీటు ఒక కంపెనీది, డైనమో ఇంకొకటి, లూథియానా నుంచొచ్చిన ఫ్రీవీలు మరొకటి. ఇప్పుడు దాన్నే కస్టమ్ బిల్డ్ అంటున్నారు.

చక్రాలు అల్లించడానికి భాంజా మా ఊళ్లో ఒక పాత దుకాణానికి వెళ్లాడు. అందరం ఉస్తాద్ అనే పిలుస్తాం ఆయన్ని. ముప్ఫై రెండు స్పోకులు అల్లి, రిమ్ముని తిప్పి, ఒక్కో స్పోకునీ వేలితో మీటి చెవి పెట్టి విన్నాడు. బిగువు ఎక్కువైతే ఒక ధ్వని, తక్కువైతే ఇంకొకటి. చివరికి చక్రం అవుట్ లేకుండా తిరిగింది. భాంజా హైరాన్. ఉస్తాద్ అడిగిన మజూరీ ఎంత? నూట యాభై రూపాయలు. పెద్ద ఊళ్లలో ఇలాంటి సైకిల్ బిగించడానికి వేలల్లో బిల్లు వేస్తారు.

కానీ ఫ్రేమ్ దగ్గరికొచ్చేసరికి ఉస్తాద్ చెయ్యి ఆగింది. ఇనుముకైతే ఆయన మణికట్టే కొలత. అతిగా బిగిస్తే ఇనుము వంగుతుంది, వంగి ముందే ఖబర్ ఇస్తుంది, వెల్డింగ్ చేసుకోవచ్చు. కార్బన్ అలా కాదు. అది దారాల బట్టని రెసిన్‌తో పొరలు పొరలుగా అచ్చులో పోతపెట్టిన సరుకు. లాగుడుకి గట్టిది, బోల్టు నొక్కుడుకి నాజూకు. ఎక్కువ బిగిస్తే లోపల చిట్లుతుంది, పైకి కనబడకపోవచ్చు, తర్వాత దిగుడులో హ్యాండిలే విరగొచ్చు. అందుకే హ్యాండిల్ పట్టే చోట 5 న్యూటన్ మీటర్లు అని రాసి ఉంటుంది. అది చేతికి తెలిసే లెక్క కాదు, దానికి టార్క్ రెంచి కావాలి. హైడ్రాలిక్ బ్రేకుల్లో కొన్నిటికి మినరల్ ఆయిల్, కొన్నిటికి డాట్ ఫ్లూయిడ్. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పోస్తే సీళ్లు పాడవుతాయి.

"బేటా, ఇది నా అందాజ్‌కి అందదు," అన్నాడు ఉస్తాద్. భాంజా టార్క్ రెంచి తెచ్చి చేతికిచ్చాడు. టక్‌మని ఆగాక ఇంక తిప్పొద్దని చెప్పాడు. రెండో బోల్టుకే ఆయన చేతికి అది అలవాటైంది. ఆ ఉస్తాద్‌కీ కార్బన్ సైకిల్‌కీ మధ్య ఉన్న ఫాసలా అంతే: ఒక ఔజార్, నేర్పే మనిషి, కొన్నాళ్ల మెహనత్. ఆ ఫాసలా దాటించే ఫికర్ మనం పెట్టుకోలేదు. పెట్టుకోకపోగా ఆయన కొడుకుని దుకాణం ఎక్కొద్దన్నాం.

సూరా సబాలో దావూద్ అలైహిస్సలాం కోసం అల్లాహ్ ఇనుముని మెత్తబరిచాడని ఉంది. కవచం కడియాల్ని సరైన కొలతతో కూర్చమన్న హుకుమ్ కూడా అక్కడే ఉంది. పైగంబర్ చేతికే కొలత తప్పనిసరైతే, చేతిపనిని తక్కువ చేసి మాట్లాడే హక్ మనకెక్కడిది?

అనకాపల్లిలో కార్బన్ సైకిళ్లెన్ని, దాన్ని నమ్ముకుని ఎవడు బతుకుతాడు అని సవాల్ వేస్తారు. ఠీకే, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ గేరు సరిగ్గా పడక మెట్ల కింద దుమ్ము కొట్టుకుంటున్న పిల్లల సైకిళ్లు ఎన్ని అపార్ట్‌మెంట్లలో లేవు? డిస్క్ బ్రేకులు, బ్యాటరీ సైకిళ్లు ఊళ్లోకి వచ్చేశాయి. వీటన్నిటికీ ఆ ఔజార్లూ, ఆ చేతులే కావాలి. చదువు మానేయమని నేననడం లేదు. కంపెనీ మాన్యువల్ చదవడానికి ఇంగ్లీషూ, కొలతలకి లెక్కలూ రావాలి. చదువుకున్నవాడే ఈ పని పూర్తిగా చేయగలడు.

కాబట్టి నా గుజారిష్ రెండు. జకాత్ తీసేటప్పుడు, మస్తహిక్ అయిన మిస్త్రీ కుర్రాడు మీ మొహల్లాలో ఉంటే, రేషన్ కిట్‌తో ఆపకుండా ఒక మంచి ఔజార్ల సెట్టు కొనివ్వండి. రేషన్ నెలకి అయిపోతుంది, ఔజార్ ఏళ్ల తరబడి రోజీ ఇస్తుంది. ఇక మీ సైకిల్ బాగు చేయించుకున్నప్పుడు మిస్త్రీ అడిగిన మజూరీ బేరం ఆడకుండా ఇవ్వండి. పక్కన మీ పిల్లలుంటే ఆయన్ని ఉస్తాద్ అని పిలిచి సలామ్ చేసి మరీ ఇవ్వండి.