తీగల్ని పాతరెయ్యడమే మంత్రమా?

గాలివాన వెలిసిన మర్నాడు ప్రతి ఊళ్లోనూ ఒకటే మాట. "ఈ కరెంటు తీగలన్నీ భూమిలో పాతెయ్యకూడదూ! పీడా వదిలిపోతుంది." చెప్పడానికి ఎంత హాయిగా ఉందో! కానీ పీడ వదలదమ్మా, కిందికి దిగుతుంది, అంతే. అదీ నా గోల.

విశాఖపట్నం సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విరుచుకుపడితే స్తంభాలు వరసపెట్టి కూలాయి. నగరం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో అక్కడ భూగర్భ కేబుళ్లు మొదలుపెట్టారు. మేడల మీద మేడలున్న చోట ఒక్క వీధి తవ్వితే వందల ఇళ్లకు వెలుగు. ఆ ఖర్చుకో అర్థం ఉంది.

మా గొలుగొండ అలా కాదు. నర్సీపట్నం దాటితే కొండలు, జీడిమామిడి తోటలు, పొలాలు. ఇక్కడ పది ఇళ్లు, అల్లంత దూరాన పదిహేను. మైళ్ల కొద్దీ తవ్వి కేబులు వెయ్యాలంటే పైతీగకంటే ఎన్నో రెట్లు ఖర్చు. ఆ డబ్బు ఆకాశంలోంచి రాలదు. బిల్లు రూపంలోనో, పన్ను రూపంలోనో మన కొంగుముడే విప్పిస్తుంది.

పోనీ, వేశారే అనుకోండి. పైతీగ తెగితే కంటికి కనిపిస్తుంది. లైన్‌మన్ ఎక్కుతాడు, ముడేసి దిగుతాడు. కింద కేబులు చెడితే? ఎక్కడ చెడిందో యంత్రం తెచ్చి వెతకాలి, తవ్వాలి, అతకాలి, పూడ్చాలి. అతుకుల్లోకి నీళ్లు దిగొచ్చు. పైపుల కోసం తవ్వేవాడి గునపం దిగొచ్చు. పైగా హుద్‌హుద్‌కి పెద్ద టవర్లే ఒరిగిపోయాయి. సబ్‌స్టేషనుకే కరెంటు రానప్పుడు వీధి తీగ ఎంత లోతున ఉంటే ఏం లాభం? తెగిపడిన తీగ తొక్కి ప్రాణాలు పోవడం మాత్రం కేబులుతో తగ్గుతుంది. అది కాదనను.

"అంటే మనం చీకట్లో పడుండాలా వదినా? 2022లో అనకాపల్లి జిల్లాలో కలిశాం కాబట్టి విశాఖ వెలుగు మనకొద్దా?" అని పక్కింటి మరదలు నిలదీసింది. న్యాయమైన కోపమే. కరెంటు పోతే ముందు నడుం విరిగేది ఆడదానికే. మోటారు ఆగితే చేదబావి, మిక్సీ ఆగితే రుబ్బురోలు, ఫ్రిజ్‌లో అత్తగారి ఇన్సులిన్ ఏమవుతుందోనని బెంగ. అందుకే అంటున్నాను: అందరికీ ఒకే రకం తీగ వెయ్యడం సమానత్వం కాదు. పోయిన కరెంటు అందరికీ ఒకే త్వరలో తిరిగి రావడం సమానత్వం.

అందుకేం కావాలి? వానలకు ముందే తీగల మీద వాలిన కొమ్మలూ తాటిమట్టలూ కొట్టించాలి. (మన పెరట్లో కొమ్మ కొట్టొద్దని గుమ్మంలో నిలబడి దెబ్బలాడేదీ మనమే సుమండీ!) ఒరిగిన స్తంభాలు నిలబెట్టాలి. తోటల మధ్య తొడుగున్న తీగ వెయ్యాలి. ఆస్పత్రికీ, నీళ్ల ట్యాంకుకీ భూమిలో వెయ్యండి, సంతోషం. అన్నిటికంటే ముందు, చాలినంతమంది లైన్‌మన్లని పెట్టండి. వాళ్ల చేతికి గ్లౌజులు, నడుముకి బెల్టు ఇవ్వండి. వానలో స్తంభం ఎక్కేవాడూ ఓ తల్లి కన్నబిడ్డే.

గొయ్యి తవ్వితే శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. కొమ్మలు కొట్టినందుకు శిలాఫలకం ఎవరు వేయిస్తారు? అందుకే ఆ పని ఎవరికీ గుర్తుండదు. గుర్తుచెయ్యాల్సింది మనమే, అదీ తుఫాను వచ్చాక కాదు, వేసవిలోనే.