జడ్జి ఎవరి మనిషి?



గోడపత్రికలో ఎప్పుడూ చెట్ల పెంపకం, వరకట్నం, పొదుపు మీద రాస్తాము. ఈసారి నేను కోర్టుల మీద రాస్తున్నా. నవ్వొద్దు. మనం ఎక్కే ఎర్రబస్సు దగ్గర మొదలుపెడతా, సులభంగా అర్థమవుతాది.

సెలవులిస్తే కోడుమూరు బస్టాండులో ఎమ్మిగనూరు బస్సో ఆదోని బస్సో పట్టుకుంటాము కదా. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సులు తిరిగేవి. వాటిని ఆపి ఆ రూట్లు ప్రభుత్వ బస్సులకు ఇయ్యాలని పథకం వేసినారు. పథకం మంచిదే. కానీ బస్సుల ఓనర్లు సుప్రీంకోర్టుకు పోయినారు. "మేము ముఖ్యమంత్రికి రాజకీయంగా పడనివాళ్ళము, అందుకే మా జిల్లా మీద పడినారు" అనేది వాళ్ళ మాట. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు. 1962లో మన పక్కన డోన్ నుంచి గెలిచినాయన. ఆ ఆరోపణకు ఆయన అఫిడవిట్ వేసి జవాబు చెప్పలేదు. కాదనాల్సిన మనిషి కాదనలేదు గనక ఓనర్ల మాటే నిలబడిందని 1964లో సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఆయన పదవికి రాజీనామా చేసినారు. 1977లో రాష్ట్రపతి అయినారు, అది వేరే కథ.

దానికి ముందు 1958లో కృష్ణా జిల్లా బస్సుల కేసు ఒకటుంది. అక్కడ ఓనర్ల అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి. రూట్లు తీసుకోవాలనుకునేదీ ఆ శాఖే! గొర్రెలు మేపినవాడినే చేను నష్టం లెక్క కట్టమన్నట్టుంది. అది చెల్లదని తీర్పు రాసినది మన తెలుగాయన, జస్టిస్ కోకా సుబ్బారావు గారు. 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకు ఆయనే మొదటి ప్రధాన న్యాయమూర్తి. అంత మంచి తీర్పు రాసిన ఆయనే 1967లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలిపెట్టి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పోటీకి నిలబడినారు. ఓడిపోయినారు. చట్టప్రకారం తప్పేమీ లేదంట. నాకు మాత్రం నచ్చలేదు. నిన్నటిదాకా రాసిన తీర్పులు ఎవరి వైపు చూసి రాసినాడో అని జనానికి అనుమానం రాదా?

ఆ అనుమానం మా ఇంట్లోనూ ఉంది. మా నాయనకు వేలిముద్రే. చేని గట్టు తగాదాలో రెండేండ్లు వాయిదాలకు తిరిగినాడు. సాయంత్రం తండాకు రాంగానే మా అవ్వ, సాక్షి వచ్చినాడా, లాయరు ఏమన్నాడు అని అడగదు. "జడ్జి ఎవురి మనిషి?" అంటాది. అవ్వ బడి మొగం చూడలేదు. అయినా సుప్రీంకోర్టులో పెద్ద లాయర్లు అడిగేది ఈ ప్రశ్నే. కాకపోతే వాళ్ళు గంటలు గంటలు ఇంగ్లీషులో అడుగుతారు.

కర్నూలుకు హైకోర్టు వస్తాదని 2020లో మనవైపు అందరూ సంబరపడినారు. మూడు రాజధానుల చట్టం మీద కేసు అమరావతిలోని హైకోర్టుకు పోయింది. 2021 నవంబరులో ప్రభుత్వ లాయరు లేచి, ధర్మాసనంలోని ముగ్గురిలో ఇద్దరు జడ్జీలకు రాజధాని ప్రాంతంలో స్థలాలు ఉన్నాయి, వాళ్ళు తప్పుకోవాలి అని అడిగినాడు. ధర్మాసనం ఒప్పుకోలేదు. 2022 మార్చిలో అమరావతి వైపు తీర్పు వచ్చింది. ఆ కేసే సుప్రీంకోర్టుకు పోయినప్పుడు, అదే సంవత్సరం నవంబరులో, ప్రధాన న్యాయమూర్తి యు.యు.లలిత్ గారు, రాష్ట్ర విభజన చట్టం మీద నేను ఒకప్పుడు న్యాయ సలహా ఇచ్చినాను అని చెప్పి తప్పుకున్నారు. ఆ ఇద్దరు జడ్జీలు అన్యాయంగా తీర్పిచ్చినారని నేను అనడం లేదు, అది తేల్చేంత చదువు నాకు లేదు. కానీ లలిత్ గారి మీద ఎవరికీ అనుమానం మిగల్లేదు. వాళ్ళ విషయంలో మిగిలింది. నేను కర్నూలు పిల్లను కాబట్టి ఇట్లా అంటాన్నానేమో, అది కూడా మీరే చూసుకోండి.

మన హాస్టల్‌కు రెండు పేపర్లు వస్తాయి. ఒకే తీర్పు, ఒక పేపరులో న్యాయం గెలిచినట్టు ఉంటాది, ఇంకో పేపరులో కొంప మునిగినట్టు ఉంటాది. పార్టీలూ అంతే. నచ్చితే జడ్జి దేవుడు, నచ్చకపోతే ఆయన కులం, ఊరు, పాత స్నేహాలు తవ్వుతారు. 2020 అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారు, వరుస ప్రకారం రేపు ప్రధాన న్యాయమూర్తి కావాల్సిన జస్టిస్ ఎన్.వి.రమణ గారి మీద ఫిర్యాదు లేఖ రాసి బయటపెట్టినారు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఏప్రిల్లో రమణ గారు ఆ పదవి చేపట్టినారు. ఎందుకు తోసిపుచ్చినారో మాత్రం రహస్యమన్నారు. రహస్యమంటే ఇరుపక్షాలకూ పుకారే మిగులుతాది.

మన దేశంలో, తప్పుకోవాలా వద్దా అనేది చాలావరకు ఆ జడ్జి ఇష్టమే. జడ్జీలను ఎంచేది సీనియర్ జడ్జీలే ఉండే కొలీజియం. దాని బదులు వేరే కమిషన్ పెడుతూ 2014లో చట్టం చేస్తే, ఆ కేసు నుంచి జస్టిస్ దవే తప్పుకున్నారు. ఆ కమిషన్ వస్తే ఆయన దానిలో సభ్యుడు. జస్టిస్ ఖేహర్‌ను తప్పుకోమంటే తప్పుకోలేదు. 2015లో నలుగురు ఒకవైపు, మన కృష్ణా జిల్లా జస్టిస్ చలమేశ్వర్ గారు ఒక్కరే ఇంకోవైపు. కమిషన్ పోయింది, కొలీజియం నిలిచింది. తమను ఎంచుకునే అధికారం మీద తామే తీర్పు చెప్పుకున్నారు. మళ్ళీ ఆలోచిస్తే, ఆ కేసు వినడానికి జడ్జీలు కాక ఇంకెవరున్నారు? నాకు జవాబు దొరకలేదు.

ఎవరు అడిగితే వాళ్ళ కోసం జడ్జిని మార్చినా కష్టమే. కబడ్డీలో ఓడిపోయే జట్టు "రిఫరీని మార్చండి" అని అరవడం మనం చూడలేదా? డబ్బు, భూమి, చుట్టరికం, పాత వకాల్తా, పాత సలహా ఉంటే తప్పుకోవాలి. తీర్పు నచ్చలేదని, ఫలానా కులమని తప్పుకోమనకూడదు. అడిగినప్పుడు ఆ జడ్జి కాకుండా వేరే ఇద్దరు జడ్జీలు తేల్చాలి, కారణం రాసి పెట్టాలి.

కులం మాట ఎందుకు తెచ్చినానంటే మనకోసమే. ఏజెన్సీ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అని 2000లో 3వ నంబరు జీవో ఇచ్చినారు. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కోడుమూరు ఏజెన్సీ కాదు, అయినా టీచర్ కావాలనుకునే నాకు ఆ వార్త గుచ్చుకుంది. ఆ కేసు ఒక ఆదివాసీ జడ్జి ముందుకు వచ్చి ఉంటే "ఈయన వాళ్ళ మనిషి, తప్పుకోవాలి" అనేవాళ్ళు ఉండేవాళ్ళు. టీచర్ పోస్టులు పోటీపడే మిగతా కులాల జడ్జి కూర్చుంటే ఎవరి మనిషని ఎవరూ అడగరు. 2018 నుంచి 2022 దాకా హైకోర్టుల్లో నియమించిన 537 మందిలో ఎస్టీలు నూటికి 1.3 అని న్యాయశాఖే చెప్పింది. మా అవ్వ ప్రశ్నకు జవాబు ఆ లెక్కలోనే ఉన్నట్టు అనిపిస్తాది నాకు.

వార్డెన్ మేడమ్‌కు ఒక మనవి. రిపబ్లిక్ డే వ్యాసరచన పోటీకి జడ్జీల పేర్లు ముందుగానే నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఎవరికైనా పోటీలో చుట్టాలుంటే ఆ కాగితం ఇంకొకరికి ఇయ్యాలి. నేను పోటీలో ఉన్నా కాబట్టి ఈ నిబంధన రాసే పని నాకు వద్దు. పేరియ్యని అక్కలెవరికైనా అప్పజెప్పండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని