కిటికీలూ, తెరలూ, పిల్లవాడి ఆయాసమూ

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం వ్రాశారు. సారాంశం ఇది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న వారి పెద్దబ్బాయి ఇంట్లో ‘టికి గది’ అని ఒకటి ఉందట. పసిఫిక్ ద్వీపాల పద్ధతిలో వెదురూ, తాటాకూ, చెక్కిన కొయ్య ముఖాలూ పెట్టి అలంకరించే గదిని అక్కడ అలా పిలుస్తారు. ఆ ఫొటోలు చూసి రెండో కొడుకూ, కోడలూ ముచ్చటపడి ఇక్కడ మేడమీది పడమటి గదిని అలాగే తయారు చేయించారు. కిటికీలకు దట్టమైన వెదురు తెరలు, వాటి పైన ఎండుతాటాకు చూరు, కిటికీ గట్టుమీద రంగు సీసాల్లో మనీప్లాంటు. ఆ గది ఆరేళ్ళ మనవడికి ఇచ్చారు. ఇచ్చి మూడు నెలలయింది. అప్పటినుంచీ వాడికి తెల్లవారుజామున దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. “వెదురు పడలేదంటారా డాక్టరు గారూ? ఆ కొయ్యముఖాల దృష్టి తగిలిందంటుంది మా తోడికోడలు. అన్నీ పీకించేద్దామంటే కోడలు నొచ్చుకుంటుంది. ఏం చెయ్యమంటారు?”

అమ్మా, కొయ్యముఖాల మీద నాకు అనుమానమేమీ లేదు, వాటి ముక్కుల్లో, చెవుల్లో పేరుకునే దుమ్ము మీద తప్ప. కాని తెరల సంగతికి ముందు పిల్లవాడి సంగతి చూడాలి. మూడు నెలలుగా తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయంటే అది ఉబ్బసం కావచ్చును. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. పీల్చే మందు వ్రాస్తే భయపడవద్దు. “పంపు అలవాటు చేస్తే జీవితాంతం వదలదు” అనే మాట మన ఇళ్ళల్లో ఎందరో పిల్లలకు కీడు చేసింది. పీల్చే మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కనుక మోతాదు చాలా తక్కువ సరిపోతుంది. ఆ వయసు పిల్లలకు స్పేసరు అనే గొట్టం తగిలించి ఇవ్వాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా, మాట పూర్తిగా పలకలేకపోతున్నా, పెదవులు నీలం తిరిగినా తెల్లవారేదాకా ఆగవద్దు. అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇక గది సంగతి. ఈ టికి అలంకారం ద్వీపాల్లో పుట్టలేదు. 1930లలో హాలీవుడ్‌లో డాన్ బీచ్ అనే ఆయన తన పానశాలకు వెదురూ, తాటాకూ చుట్టి దీన్ని మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్‌లో పనిచేసి వచ్చిన అమెరికన్ సైనికులు దీన్ని ముచ్చటగా ఆదరించారు. తరువాత ఇళ్ళల్లోకీ వచ్చింది. ఆ పానశాలలు పట్టపగలు కూడా మసకచీకటిగా ఉండేవి. బయటి వీధి కనబడితే ద్వీపంలో ఉన్న భ్రమ పోతుంది కదా, అందుచేత కిటికీలను కప్పేసేవారు. మరి అసలు ద్వీపాల్లో ఇళ్ళు ఎలా ఉంటాయి? సమోవాలో సంప్రదాయపు ఇంటికి గోడలే ఉండవు. గుండ్రంగా నిలబెట్టిన స్తంభాలు, పైన కప్పు. స్తంభాల మధ్య కొబ్బరాకులతో అల్లిన తడికలు చుట్టి పైకి కట్టి ఉంచుతారు. వానా, ఈదురుగాలీ వచ్చినప్పుడు దించుతారు, తగ్గగానే ఎత్తేస్తారు. మన పల్లెటూరి వసారా తడిక సరిగ్గా ఇదే కదా! మీ వాళ్ళు ద్వీపాన్ని తెచ్చామనుకున్నారు, కాని తెచ్చింది పానశాలను. గాలి రాలేదు.

కాకినాడలో గాలి రాకపోతే జరిగేదేమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. సముద్రతీరపు గాలిలో చెమ్మ ఎక్కువ. గోడ మూలల్లో, ఎండుతాటాకు వెనుక బూజు పడుతుంది. ఆ బూజు రేణువులు కొందరు పిల్లలకు గిట్టవు. ఇంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. ఇంటి దుమ్ములో కంటికి కనబడని ఒక పురుగు ఉంటుంది. మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. మన ఒంటినుంచి రాలే పొట్టు తిని, చెమ్మలో పెరుగుతుంది. ఇల్లంతా దుమ్ము దులిపినప్పుడల్లా కొందరికి తుమ్ములు, ఆయాసం ఎందుకు వస్తాయన్నదానికి ఈ పురుగే ముఖ్యకారణమని 1964లో హాలెండు పరిశోధకులు చూపించారు. దీని అసలు నివాసం పరుపు, దిండు, దుప్పటి. కిటికీ తెరలు తోడుదొంగలు మాత్రమే. కాబట్టి తెరలు మార్చి పరుపు అలాగే ఉంచితే సగం పని కూడా కాదు. దుప్పట్లు, దిండు గలేబులు వారానికొకసారి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయండి.

వెదురు మాటకొస్తే, వెదురుకు వెదురుగా తప్పులేదు. కాని సన్నబద్దల తెరలో వందలాది సందులుంటాయి, ఒక్కొక్క సందూ దుమ్ముకు అర. పొడిగుడ్డతో దులిపితే ఆ దుమ్మంతా పిల్లవాడి మంచం మీదే పడుతుంది. తడిగుడ్డతో తుడవాలి, అప్పుడు పిల్లవాడు గదిలో ఉండకూడదు. తెర కింద నేలమీద ప్రతి ఉదయం పసుపుపచ్చని మెత్తటి పొడి కనిపిస్తున్నదా? అయితే వెదురుకు పురుగు పట్టిందన్నమాట. పూర్వం వెదురును కోసి వారాల తరబడి చెరువునీళ్ళలో నాననిచ్చేవారు. దానిలోని పిండిపదార్థం కరిగిపోయి పురుగు పట్టేది కాదు. ఇప్పుడు అంత ఓపిక ఎవరికి? పైపైన వార్నిషు పూసి అమ్ముతున్నారు. ఆ వాసన కూడా ఉబ్బసం ఉన్నవారికి మంచిది కాదు.

మరో విషయం. పడమటి గది అన్నారు. సాయంకాలపు ఎండ కిటికీ అద్దం దాటి లోపలికి వచ్చిన తరువాత తెర అడ్డం పెడితే వేడి గదిలోనే ఉండిపోతుంది. అదే తెరను కిటికీకి బయట, పందిరిలా కొంచెం ఎడంగా కడితే ఎండ బయటే ఆగుతుంది, పక్కలనుంచి గాలి వస్తుంది. మీ కోడలి ముచ్చటా తీరుతుంది, వీధిలోవారు కూడా చూసి మెచ్చుకుంటారు. వట్టివేళ్ళ తడికలు కడదామని మాత్రం అనుకోకండి. అవి అనంతపురంలోనో, నిజామాబాదులోనో పొడిగాలిలో చల్లదనం ఇస్తాయి. తీరప్రాంతంలో గాలి అప్పటికే చెమ్మతో నిండి ఉంటుంది కనుక తడిక తడిపినకొద్దీ ఉక్క పెరుగుతుంది, బూజూ పెరుగుతుంది.

ఆ సీసాల మనీప్లాంటు చూస్తే నాకు వెంటనే డెంగీ గుర్తుకు వస్తుంది. దాన్ని మోసే దోమ మురికికాలువలు వెతుక్కోదు, ఇంట్లోని తేటనీళ్ళు చాలు. వారం పదిరోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. పగటిపూటే కుడుతుంది. గుడ్లను నీటి అంచుకు కొంచెం పైన సీసా గోడకు అంటిస్తుంది. నీళ్ళు ఒంపేసినా ఆ గుడ్లు నెలల తరబడి ఎండి బ్రతికే ఉండి, మళ్ళీ నీళ్ళు పోయగానే పొదుగుతాయి. కనుక వారానికొకసారి నీళ్ళు మార్చడంతోపాటు సీసా లోపల బ్రష్షుతో తోమాలి. అది కష్టమైతే మొక్కను మట్టికుండీలో పెట్టండి. కిటికీకి అంగుళానికి 16 కళ్ళున్న దోమతెర బిగించి, నెలకొకసారి కడగండి. దుమ్ముపట్టిన దోమతెర గాలికి గోడ.

తెర ఎత్తే తాడు కింద ఉచ్చులా వేలాడుతున్నదేమో ఈరోజే చూడండి. ఆరేళ్ళవాడికి ఊహ ఉంటుంది, పొరుగింటి రెండేళ్ళవాడికి ఉండదు. మెడకు తగులుకుంటే నిమిషాల్లో, చప్పుడు లేకుండా ప్రాణం పోతుంది. తాడును పైన కొక్కేనికి చుట్టాలి. మంచం కిటికీ కిందనుంచి జరపాలి. ఎండుతాటాకు కింద దోమల చుట్ట వెలిగించే అలవాటుంటే ఇంతటితో మానండి, ఆ పొగ పిల్లవాడి ఆయాసానికీ మంచిది కాదు. ఎప్పుడైనా నిప్పంటుకుని ఒళ్ళు కాలితే 20 నిమిషాలపాటు కుళాయినీళ్ళు ధారగా పోయాలి. సిరా, పళ్ళపేస్టు, పసుపు పూయకూడదు.

కిటికీ మూయడానికి కారణం ఎప్పుడూ అలంకారమే కాదు. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ఊళ్ళో పెళ్ళీడుకొచ్చిన అమ్మాయికి క్షయ వచ్చింది. నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావని తల్లిదండ్రులు ఆమెను వెనకగదిలో ఉంచి కిటికీకి రెండు వరుసల మందపాటి తెరలు వేశారు. తమ్ముడు అదే గదిలో చదువుకునేవాడు. దగ్గినప్పుడు గాలిలో కలిసే సూక్ష్మజీవులు గాలి కదలని గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. గాలి ఆడితే చెదరిపోతాయి, ఎండ తగిలితే చస్తాయి. ఆరు నెలలకు తమ్ముణ్ణి కూడా నా దగ్గరకు తీసుకువచ్చారు. ఇద్దరికీ మందులు ఉచితంగానే దొరికాయి, ఇద్దరూ బాగుపడ్డారు, ఆ అమ్మాయికి పెళ్ళీ అయింది. కాని నేను వాళ్ళింటికి వెళ్ళి ఆ తెరలు నా చేత్తో పక్కకు లాగినప్పుడు ఆ తల్లి “వద్దండీ, ఎదురింటివాళ్ళు చూస్తారు” అన్న గొంతు ఇంకా గుర్తుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారెవరైనా కళ్ళె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు.

కాకినాడ సోదరికి చివరగా ఒక మాట. అన్నీ పీకించవద్దు. మొదట పిల్లవాణ్ణి నెలరోజులపాటు మీ గదిలో, కిటికీ తెరిచి, దోమతెర వేసి పడుకోబెట్టండి. ఏ రాత్రి దగ్గాడో, ఎన్నిసార్లు లేచాడో ఒక నోటుపుస్తకంలో తేదీవారీగా వ్రాయండి. ఈలోగా కోడలిచేత తాటాకు తీయించి, తెరలు బయటకు మార్పించి, గది తుడిపించండి. మళ్ళీ ఆ గదిలోకి పంపినప్పుడు కూడా వ్రాస్తూనే ఉండండి. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. పీల్చే మందు తీసుకున్న ప్రతిసారీ వాడిచేత నోరు పుక్కిలింపించడం మరచిపోవద్దు.